ఊఱు ధాతువు: అర్థవిమర్శము

ఆంగ్లభాషలో 'రెట్' అను మూడక్షరముల క్రియ యొకటి కలదు. ఆంగ్లము మాతృభాషగా గలవారిలో సైతము పలువురు ఎరుగని మాట యిది. అవిసె, జనుము, గోగు మున్నగు నారమొక్కల కాడలను కట్టలుగా గట్టి నీట ముంచి, నార కాడనుండి విడివడునంతవరకు ఉంచుట దీని యర్థము. దీనికి తెలుగున ఏమాట చెప్పవలెనని విద్యార్థి యడిగినచో ఉపాధ్యాయునకు మూడు మాటలు తోచును: నానబెట్టుట, కుళ్లబెట్టుట, ఊరవేయుట. మూడును నీటితో సంబంధించినవే. మూడును పర్యాయపదములుగా చెల్లునని పైచూపునకు తోచును. కాని గోగు, జనుము పండించువారి వాడుకలో ఈ పనికి పేరు ఊరవేతయే. వారు ఏల ఆ మాటనే యెన్నుకొనిరి? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుచు పోయినచో మనము ఆంగ్లపదమును విడిచి మన ఊఱు ధాతువు నొద్దకు చేరుదుము.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయము ఇది. ఊఱు అనుటకు మూలార్థము నీటిలో మునిగి తడియుట కాదు. లోనున్న ద్రవము మెల్లమెల్లగా వెలికి వచ్చుట. నీట నుంచుట అను అర్థము దానినుండి పుట్టిన పిల్లయే గాని తల్లి కాదు. ఈ సంగతి గమనింపక నాను, ఊఱు ధాతువులను ఏకార్థకములుగా నెంచుటవలన నిఘంటువులందును, పాఠ్యగ్రంథములందును, అనువాదములందును అర్థహాని కలుగుచున్నది. ఈ వ్యాసమున శకటరేఫమును చర్చకు వచ్చిన పదములయందు మాత్రమే పాటించి, తక్కినచోట్ల నేటి ముద్రణసంప్రదాయము ననుసరించితిని.

మొదట ఆంగ్లపదముల సంగతి కొంత చూతము. 'రెట్' అనునది 15వ శతాబ్దమునుండి ఆంగ్లమున కానవచ్చుచున్నది. మధ్యకాలపు డచ్చిభాషలో దీనికి సోదరపదము కలదు. కుళ్లుటయను నర్థముగల 'రాట్' అను మాటతో దీనికి చుట్టరికము గలదని నిఘంటుకారులు తలంచుచున్నారు. అనగా ఆ భాషీయులు నారపనిని చూచినప్పుడు వారి కంటికి ముందుగా కనబడినది కుళ్లు. ఇక మనవారు నానుటకు సమానముగా చెప్పు 'సోక్' అను మాటను పరిశీలింతము. ప్రాచీనాంగ్లమునందే యున్న ఈ పదము పీల్చుట యను నర్థముగల 'సక్' అను క్రియకు జ్ఞాతి. వస్తువు నీటిని తనలోనికి పీల్చుకొనుచున్నదన్న భావము దానిలో నున్నది. కూరగాయలను, మాంసమును పులుసులో నుంచుటకు చెప్పు 'మారినేట్' అను పదము సముద్రవాచకమగు లాటిను శబ్దమునుండి ఫ్రెంచిభాష ద్వారమున వచ్చినది. అనగా ఉప్పునీటిని బట్టి కలిగిన పేరు. కుళ్లు, పీల్పు, ఉప్పునీరు: ఈ మూడు భావములలో ఏదియు మన ఊఱు ధాతువున లేదు. కావున ఆంగ్లార్థముల ద్వారమున ఈ ధాతువును తెలిసికొన జూచుట ఇతరుల అద్దమున మన ముఖమును చూచుకొనుట వంటిది.

తెలుగున ద్రవసంపర్కమును తెలుపు క్రియలు పెక్కులు గలవు. వానిలో తడియు, నాను, ఊఱు అను మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన భేదము స్పష్టమగును. వానలో పోవు మనుష్యుడు తడియును. గొడుగు లేక గంటల తరబడి నిలిచినచో నానును. కాని యెంతసేపు నిలిచినను ఊరడు. మాసిన బట్టలను చాకలి నానవేయును; ఊరవేసెనని చెప్పిన వినువారు నవ్వుదురు. శ్రీరామనవమినాడు వడపప్పునకై పెసరపప్పును నానబెట్టుదురు. పప్పు నీరు త్రాగి ఉబ్బును, మెత్తబడును. అయినను అది పప్పే. మట్టిగోడ వానకు నానును. మరల ఎండకు ఆరును. కాబట్టి తడియుట పైపై సంగతి. నానుట లోనికి వ్యాపించిన తడి. ఈ రెండింటియందును ద్రవము వెలుపలినుండి వచ్చుచున్నది, వస్తువు దానిని గ్రహించుచున్నది. ఆంగ్లపు 'సోక్' అను మాటకు సరిగా సరిపోవునది నాను ధాతువే. తమిళమున ననై, మలయాళమున ననయుక, కన్నడమున నెనె అనునవి దీని సోదరపదములు. అన్నిటియందును తడియుట, నానుట అను అర్థమే ప్రధానము.

ఊఱు ధాతువు నడక వేరు. బావి ఊరును. చెలమ ఊరును. పసిబిడ్డ యేడ్పు విన్నంత తల్లికి చనుబాలు ఊరును. కన్నుల నీరూరును. పులుపును తలచుకొన్న మాత్రమున నోరూరును. ఈ ప్రయోగములన్నిటియందును వెలుపలినుండి ద్రవము వచ్చి చేరుటలేదు. లోపలనున్నది వెలికి వచ్చుచున్నది. అదియును ఒక్కుమ్మడిగా గాక మెల్లగా, తెంపులేక వచ్చుచున్నది. ఒక్కుమ్మడిగా వచ్చునది చిమ్ముట, పొంగుట, ఉబుకుట. బొట్టుబొట్టుగా పడునది కారుట, ఒలుకుట. ఊరుటకు కాలము కావలెను. బావిని ఉదయమున తోడివేసి, సాయంకాలమునకు ఊరునని చెప్పుదురు. ఈ మందగమనము, ఈ అంతర్జనితత్వము అను రెండు గుణములను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు వచ్చు చర్చ యంతయు వీనిమీదనే నిలిచియున్నది.

ఇచ్చట ఒక శంక పొడసూపును. బావి ఊరుటయు, కాయ ఊరుటయు ఒకే ధాతువునకు చెందినవని ఏల నమ్మవలెను? పలుకు ఒకటియై అర్థములు వేరైన పదములు తెలుగున లేవా? ఊరు అనిన గ్రామము కూడ అగుచున్నదిగదా! ఊరగాయ యనగా ఊరిలో పెట్టిన కాయ, అనగా ఇంటివంట, అంగడి సరుకు గాదు అని వ్యుత్పత్తి చెప్పినవాడు చమత్కారియనిపించుకొనును. గడ్డిఅన్నారము వంటి చోట ఆ చమత్కారము మరింత ఇంపుగా నుండును. ఒకనాడు అది ఊరు. నేడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నడుమ భాగ్యనగరమున కలిసిపోయిన పేట. నగరమున కలిసిన ఊరిని తలచుకొనుచు ఊరగాయను ఊరికి ముడిపెట్టుట మనసునకు హితవుగనే యుండును. కాని హితవైనదెల్ల వ్యుత్పత్తి కానేరదు.

దీనిని త్రోసివేయుటకు మొదటి సాధనము రేఫవివేకము. గ్రామవాచకమగు ఊరు సాధురేఫము గలది. ద్రవార్థకమగు ఊఱు శకటరేఫము గలది. పూర్వకవులు ర-ఱలను యతిప్రాసములందు కలుపక పాటించిరి. కాలక్రమమున పలుకుబడిలో భేదము నశించి, లేఖనమునందును బండి ఱ మరుగుపడగా రెండు మాటలును ఒకే రూపమున నిలిచినవి. లిపి చేసిన ఈ కలగాపులగమే పైచమత్కారమునకు ఆధారము.

రెండవ సాధనము ఊట యను నామము. ఊఱు ధాతువునకు భావార్థమున ఊట వచ్చుట ఆకస్మికము గాదు. గీఱు అను క్రియనుండి గీటు వచ్చినట్లే ఊఱు క్రియనుండి ఊట వచ్చినది. ఏఱు-ఏటి, నూఱు-నూటి యనువానియందును శకటరేఫస్థానమున టకారమే కానవచ్చును. నోరు-నోటి, గోరు-గోటి అను సాధురేఫపదములందును టకారము కలదుగదా యని పండితులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము సమంజసమే. కావుననే తెలుగునందలి సాక్ష్యముతో మాత్రమే తృప్తిపడక సోదరభాషల సాక్ష్యమును గూడ విచారింపవలెను.

తమిళమున ఈ ధాతువు ఊఱు అనియే యున్నది. శకటరేఫము నేటికిని ఆ లిపిలో వేరుగా నిలిచియున్నది. గ్రామమును తెలుపు ఊర్ అను పదము వేరొక రేఫముతో వ్రాయబడును. నీటి ఊటకు తమిళమున ఊఱ్ఱు అందురు. తమిళపు ద్విరుక్త శకటరేఫమునకు తెలుగున టకారము వచ్చుట నియతమైన ధర్మము: తమిళపు పఱ్ఱు తెలుగున పట్టు, చుఱ్ఱు తెలుగున చుట్టు, పుఱ్ఱు తెలుగున పుట్ట. దీర్ఘాచ్చుపై ద్విత్వము సడలి ఒంటి టకారమే మిగులును గాన ఊఱ్ఱు తెలుగున ఊట యగుట శాస్త్రసమ్మతము. తమిళులు ఊరగాయను ఊఱుకాయ్ అందురు. నోరూరుటను వాయూఱుట యను రీతిని చెప్పుదురు. మలయాళమునను, కన్నడమునను నోట నీరు ఊరుటకు ఈ ధాతువునే వాడుదురు; కన్నడమున నీటి ఊటకు ఊటె అను మాట కలదు. కన్నడమున భోజనార్థకమగు ఊట మాత్రము తినుటయను నర్థముగల ఉణ్ ధాతువునుండి పుట్టినది. దానిని దీనితో కలుపరాదు. 1856లో కాల్డ్వెల్ తులనాత్మకవ్యాకరణము వెలువడినది మొదలు, బరో, ఎమెనోలు 1961లో ప్రకటించిన ద్రావిడవ్యుత్పత్తికోశము వరకు జరిగిన కృషివలన ఇట్టి పోలికలు ఊహలుగా గాక నియమములుగా నిలిచినవి. బావియు, నోరును, కాయయు ఇన్ని భాషలలో ఒకే ధాతువును పంచుకొనుట యాదృచ్ఛికము కాజాలదు.

మూడవ సాధనము పండితుల చేతిలో లేదు, వంటయింటిలో నున్నది. నా దృష్టిలో ఇదియే బలవత్తరము. ఆవకాయ పెట్టువారు మామిడికాయలను కడిగి, తుడిచి, తడి లేకుండ ఆరబెట్టి, పిదప ముక్కలు కొట్టుదురు. కత్తికి తడి తగులరాదు, చేతికి తడి ఉండరాదు, జాడీకి తడి ఉండరాదు. ఒక్క నీటిచుక్క పడినను బూజు పట్టునని భయపడుదురు. ఆవపిండి, కారము, ఉప్పు, నూనె కలిపి జాడీ కెత్తిననాడు కలుపు గట్టిగా నుండును. మూడవనాడు మూత తీసి తిరుగగలుపునప్పటికి అది జారుగా మారియుండును. నూనె పైకి తేలియుండును. నీరు పోయలేదే, ఈ ద్రవమెక్కడిది? ముక్కలనుండి ఊరినది. ఉప్పు కాయలోని నీటిని వెలికి లాగినది. శాస్త్రజ్ఞులు దీనిని ద్రవాభిసరణమందురు. తడి తగులరాదని యింత నియమము గల పదార్థమునకు నీటిలో నానినది యను నర్థమున పేరు పెట్టుదురా? ఊరగాయ నానిన కాయ కాదు. తనలోని రసమును తానే ఊర్చి, ఆ రసమున తానే పక్వమైన కాయ.

మాగాయ పెట్టు విధానము దీనిని మరింత దృఢపరచును. చెక్కు తీసిన మామిడిముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి మూడునాళ్లు ఉంచుదురు. పిదప ముక్కలను పిండి వేరుగా ఎండబెట్టి, దిగిన రసమును వేరుగా ఉంచుకొని, మరల రెండింటిని కలుపుదురు. ఆ రసమునకు గృహిణులు పెట్టిన పేరు ఊట. బావిలోని నీటికిని, మాగాయ రసమునకును ఒకే పేరు. వ్యాకరణము చదువని స్త్రీలు ధాతువుయొక్క మూలార్థమును నోటిలో నిలుపుకొనియుండగా, చదివిన మనము 'నీటిలో నానుట' అని అర్థము చెప్పుచున్నాము.

ఇతరులు ఈ పదార్థమునకు పెట్టిన పేళ్లను చూచినను మన పదముయొక్క ప్రత్యేకత తెలియును. కన్నడమున ఉప్పినకాయి, అది ఉప్పును బట్టి వచ్చినది. ఆంగ్లపు 'పికిల్' డచ్చిభాషలో ఉప్పునీటిని చెప్పు మాటకు సంబంధించినది. భాగ్యనగరమున ఉర్దూ మాటలాడువారు అచార్ అందురు. అది పారసీకమునుండి వచ్చినది. తెలంగాణమున తొక్కు అను మాట బహుళప్రచారముగలది. అది తొక్కి దంచుట యను చేతిపనిని తెలుపును. ఒకరు దినుసును చూచిరి, ఒకరు రోకలిని చూచిరి; ఊరగాయ యన్నవారు మాత్రము జాడీ మూత వేసిన తరువాత ఎవరును చూడకుండ లోపల జరుగు పనిని చూచిరి. ఈ మాటలలో ఏదియు తక్కువది గాదు. ఒక్కొక్కటి ఆ పదార్థముయొక్క ఒక్కొక్క ముఖమును పట్టి చూపుచున్నది.

ఇంతవరకు చెప్పినదానికి ప్రబలమైన ప్రతిపక్షము ఒకటి కలదు. దానిని దాటవేయరాదు. ఊరమిరపకాయలను ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో పడవేయుదురు. ఇచ్చట ద్రవము వెలుపలిదే. రవ్వను పెరుగులో ఊరనిత్తురు. గారెలు పెరుగులో ఊరినవనియు, నానినవనియు రెండువిధముల చెప్పుదురు. గోగుకాడలను చెరువులో ఊరవేయుదురు. వీనియందు లోపలినుండి ఊట వచ్చుచున్నదని ఎట్లు చెప్పుట? ఇవి నాను ధాతువుతో సమానార్థకములు కావా?

సమాధానమిది. ధాతువుయొక్క అర్థము మూడు మెట్లుగా నడచినది. మొదటి మెట్టున లోని ద్రవము వెలికి వచ్చుట: బావి, చెలమ, నోరు, చనుబాలు. రెండవ మెట్టున ఉప్పుతోడి సంపర్కముచే తన రసమును విడిచి ఆ రసమున పక్వమగుట: ఆవకాయ, మాగాయ. మూడవ మెట్టున ఏ ద్రవమున నున్నను కాలము గడువగా తన గుణమును మార్చుకొనుట: మిరపకాయ, రవ్వ, గోగు. మూడవ మెట్టున ద్రవము ఎక్కడిదన్న నియమము సడలినది. కాని మందగమనము, అంతఃపరిణామము అను నియమములు సడలలేదు. బట్టలు నానుటయే గాని ఊరుట లేకపోవుటకు కారణ మిదియే. బట్ట నీట నుండియు బట్టగనే యుండును. మజ్జిగలోని మిరపకాయ కొంత కారము విడిచి, ఉప్పును పులుపును పట్టి, వేరొక పదార్థమగును. గారెల విషయమున రెండు క్రియలును చెల్లుటకు కారణము, చెప్పువాని చూపు ఒకప్పుడు మెత్తదనముమీదను, ఒకప్పుడు రుచిమీదను నిలుచుటయే. మెత్తబడుట నానుట; రుచి పట్టుట ఊరుట.

ఇక గోగు సంగతి. తెలుగువారికి గోగు రెండువిధముల ఉపకారి. ఆకు గోగుకూర, అనగా గోంగూర. దీనిని తెలంగాణమున పుంటికూర యందురు. కాడ నారకు పనికివచ్చును. శ్రీకాకుళము, విజయనగరము మండలములందు ఈ నారపంట చిరకాలముగా నున్నది. ఆమదాలవలసయందలి వ్యవసాయపరిశోధనస్థానమున ఈ పంటపై పరిశోధన జరిగినది; నెల్లిమర్ల, ఏలూరు పట్టణములు జనపనార మిల్లులచే ప్రసిద్ధికెక్కినవి. కోసిన కాడలను కట్టలుగా గట్టి, మొదళ్లు లావుగా నుండును గనుక తొలుత కొన్నినాళ్లు మొదళ్లుమాత్రము నీట మునుగునట్లు నిలిపి, పిదప కట్టలన్నిటిని అడ్డముగా పరచి, పైన బరువు పెట్టి ముంచుదురు. నీటి వేడిమిని బట్టి సుమారు రెండు మూడు వారములు పట్టును. నారను కాడకు అంటించియుండు జిగురుపదార్థమును నీటిలోని సూక్ష్మజీవులు కరగించును. అప్పుడు నార చేతికి ఊడివచ్చును.

ఈ పనిలో నేర్పంతయు ఎప్పుడు ఆపవలెనో తెలియుటయందున్నది. ముందుగా తీసినచో బెరడు నారను విడువదు. ఆలస్యముగా తీసినచో జిగురుతోపాటు నారయును చివికి బలహీనమగును. కాడ నీట పడినంతమాత్రమున నానును. అది పని మొదలు. గడువు దాటిన కుళ్లును. అది పని చెడుట. ఈ రెండింటి నడుమ, కాడ తనలోని జిగురును విడిచి నారను వెలికినిచ్చు దశ యొకటి కలదు. ఆ దశకే ఊరుటయని పేరు. కావున నానబెట్టుట యనిన అర్థము చాలదు; కుళ్లబెట్టుట యనిన అర్థము మీరును. ఆంగ్లపదముయొక్క చుట్టరికమును బట్టి కుళ్లబెట్టుట యని పాఠ్యపుస్తకమున వ్రాసినచో, ఏది జరుగకుండ చూడవలెనో దానినే చేయవలసినపనిగా చెప్పినట్లగును. వృత్తిపదములను ఆ వృత్తివారి నోటినుండియే గ్రహింపవలెనన్న సూత్రమున కింతకంటె మంచి ఉదాహరణ దొరకదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలికవృత్తిపదకోశముయొక్క ప్రథమసంపుటము వ్యవసాయపదములకే కేటాయింపబడుట ఈ సూత్రమును గుర్తించియే.

లాక్షణికప్రయోగములను పరీక్షించినను పైభేదము నిలుచుచున్నది. ఊఱు ధాతువునకు ప్రేరణార్థకము ఊరించు. ఇది కాయను ఊరబెట్టుట యను నర్థమున వాడుకలో లేదు. అందులకు ఊరబెట్టు, ఊరవేయు అను సమాసక్రియలే కలవు. ఊరించుట యనగా ఆశ పుట్టించుట, నోరూరించుటనుండి వచ్చినది. ఇయ్యక చూపి, ఎదుటివాని లోపలినుండి కోరికను వెలికి తెచ్చుట. నాను ధాతువునకు ప్రేరణార్థకము నాన్చు. నాన్చుట యనగా ఒక పనిని తెమల్చక జాగు చేయుట. ఎన్నాళ్లున్నను అది అట్లే యుండును, పక్వము కాదు. జనుల నోళ్ల నానిన పేరు అందుము. పేరు వెలుపలినుండి నోట పడి అక్కడ నిలిచినది. నోరు ఊరెననునప్పుడు లోపలినుండి వచ్చినది. ఒకే నోటియందు రెండు క్రియలును ఎదురెదురు దిక్కులకు నడచుట చూడుడు. వాడుకభాషయందలి ఈ నిర్ణయము ఏ వైయాకరణుడును చేసినది కాదు, అయినను తప్పిపోలేదు.

ఈ విచారమునకు నేడు ప్రయోజనమేమని కొందరు ప్రశ్నింపవచ్చును. ధాతువుయొక్క మూలార్థమును కాపాడినవి బావియు, జాడీయు, నారచెరువును. ఈ మూడును కన్నుమరుగగుచున్నవి. గడ్డిఅన్నారమునే చూడుడు. చేరువనే సరూర్‌నగర్ చెరువున్నది. చెరువు నిండిన దాపునగల బావులు ఊరునన్న మాట ఒకప్పుడు ఇట్టి ఊళ్లలో నిత్యానుభవము. నేడు నీరు గొట్టముల ద్వారమున వచ్చును గాని ఊరదు. 1986లో మొజంజాహి మార్కెట్టునుండి ఇచ్చటికి తరలివచ్చిన పండ్లమార్కెట్టు ముప్పదియైదేండ్లు ఈ పేటకు వేసవిలో మామిడివాసనను పంచి, 2021-22లో బాటసింగారమునకు తరలిపోయినది. ఆ స్థలమున ఆసుపత్రి నిర్మాణమునకు 2022లో శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రి కావలసినదే, దానిని గూర్చి ఆక్షేపము లేదు. కాని సీసాలో కొన్న ఊరగాయనే యెరిగిన బాలునకు ఊట కంటబడదు. కంటబడని క్రియకు అర్థము నిఘంటువే చెప్పవలెను. ఆ నిఘంటువు 'నానుట' అని చెప్పి యూరకుండినచో ధాతువు సగము చచ్చినట్లే.

ఆంగ్లార్థములతో బ్రౌను నిఘంటువు 1852లోను, తెలుగర్థములతో బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లోను వెలువడినవి. వాని అడుగుజాడలలో నేడును చిన్న పెద్ద నిఘంటువులు పుట్టుచున్నవి. ఇకముందు కోశములు కూర్చువారికి మూడు విన్నపములు చేయుచున్నాను. ఒకటి: ఊఱు ధాతువునకు అర్థములను వ్రాయునప్పుడు బావిని ముందును, కాయను తరువాతను, కాడను చివరను నిలిపి, ఒకదానినుండి ఒకటి ఎట్లు వచ్చెనో తెలియునట్లు కూర్పవలెను. రెండు: వ్యావహారికలేఖనమున బండి ఱను మరల తెమ్మనుట వృథాప్రయాసము, కాని నిఘంటువునందలి శీర్షికలో దానిని చూపుట విడువరాదు. గ్రామమును, ఊటను వేరుచేయు గుర్తు అదియొక్కటియే. మూడు: 'రెట్' అను ఆంగ్లక్రియకు ఊరవేయుట యనియు, 'సోక్' అను క్రియకు నానుట, నానబెట్టుట యనియు పాఠ్యగ్రంథములందు స్థిరపరుపవలెను, కుళ్లబెట్టుట యను మాటను 'రాట్' అను మాటకే విడిచిపెట్టవలెను.

పాఠశాలలలో తెలుగు చెప్పు పండితులకు ఇందు ఒక సులభమైన సాధనము కూడ కలదు. బట్ట, పప్పు, గోడ, బావి, నోరు, మామిడికాయ, గోగుకాడ: ఈ యేడు మాటలను నల్లబల్లపై వ్రాసి, వేనికి నాను చెల్లును, వేనికి ఊఱు చెల్లునని పిల్లల నడుగవచ్చును. వ్యాకరణము తెలియని పిల్లవాడును ఇంటిమాటను బట్టి సరిగా చెప్పును. తరువాత ఏల అని యడిగినచో, నీరు లోనికి పోయినదా, లోనిది వెలికి వచ్చినదా యను భేదమును వాడే కనిపెట్టును. శబ్దార్థవిచారమునకు అదియే మంచి ప్రవేశము.